పొగాకు బ్యారన్‌లో ఆడగొంతు

అద్దంకి అవతల, మిరపచేల నడుమ, వాడకం మానేసిన పొగాకు బ్యారన్ — పచ్చాకుని వేడి పెట్టి ఆరబెట్టే కొట్టం — ఒకటుంది. ఊరి పేరు అడక్కండి, చెప్పను. చీకటి పడ్డాక ఆ దారిన ఎవరూ పోరు. అందులో కూలికెళ్లే కొండమ్మ గుడిసెతో సహా కాలిపోయిందట... అప్పట్నుంచీ రాత్రిళ్లు ఆ బ్యారన్‌లో పాట వినపడుతుందట.

నా రూమ్మేటు ఫెబా ఇవన్నీ నమ్మదు. జానపద పాటల మీద పీహెచ్‌డీ చేస్తోంది. పొగాకు కూలీల పాటలు రికార్డు చేసుకు రమ్మని వాళ్ల గైడు ఆ ఊరికి పంపాడు. ఎవరింటికెళ్లినా మొహం మీదే తలుపేశారట.

"పాటలూ లేవు, గీటలూ లేవు. పొద్దుగూకక ముందే పో!" అని ఒకావిడ చేట విసిరికొట్టింది.

పొద్దు గూకనే గూకింది. బస్సు కోసం రోడ్డుకి నడుస్తుంటే — వినపడింది.

ఆడగొంతు. సన్నగా... కర్రలకి పచ్చాకు కట్టేటప్పుడు పాడే పాట. ఏళ్ల తరబడి ఫెబా వెతుకుతున్న పాట!

ఆగలేకపోయింది. ఫోనులో రికార్డింగ్ పెట్టుకుని బ్యారన్ తలుపు నెట్టింది.

పాట ఆగిపోయింది.

లోపల కటిక చీకటి... పాత పొగాకు ఘాటు.

"ఎవరూ?"

వెనకాల తలుపు మూసుకుంది. మెడ మీద గరుగ్గా ఒక చెయ్యి పడింది — వెచ్చగా.

"ఆపు... ఆ రికార్డింగు ఆపు."

దెయ్యం చెయ్యి వెచ్చగా ఉంటుందా? ఫెబా ఎలాగో టార్చి వేసింది. సగం కాలిన మొహం. వెలుతురికి ఆర్పుతున్న రెప్పలు.

"కొండమ్మ... గారా?"

"పాట వింటే ఎవరైనా పారిపోతారు. నువ్వేందే లోపలికొచ్చావు? చదువుల దానివా?" ఆవిడ గొంతు బుసకొట్టింది. "ఇదివరకొకడు అక్కా అక్కా అంటూ పాట రికార్డు చేసుకోడానికొచ్చాడు. పాట మధ్యలో, కూలీల మేస్త్రీ మా చెల్లెల్ని ఏం చేశాడో చెప్పి ఏడ్చాను. ఆ ముక్క ఎవరికీ వినిపించనన్నాడు. నా పేరు పెట్టి మరీ ఆ ముక్కే యూట్యూబులో ఎక్కించాడు! మేస్త్రీ మనుషులు గుడిసెకి నిప్పెట్టారు. చచ్చాననుకుంటున్నారు. ఈ ఊరి ఆడోళ్లే నన్నిక్కడ దాచి కూడు పెడుతున్నారు."

ఇంతలో ఫోను మోగింది. తెరమీద — గైడు సార్.

"ఎత్తు. నాకూ వినపడాలి."

ఫెబా స్పీకరు పెట్టింది.

"ఏమ్మా, కొండమ్మ బతికే ఉందని నా అనుమానం. కనపడిందా? కనపడితే వీడియో తియ్యి. మొహం పడాలి."

ఆ గొంతు వినగానే కొండమ్మ వేళ్లు ఫెబా మెడలోకి దిగాయి.

"వీడే..." అంది గుసగుసగా.

అవతల ఆయన హలో, హలో అంటున్నాడు.

"చచ్చిపోయింది సార్," అంది ఫెబా చివరికి. "ఎప్పుడో చచ్చిపోయింది."

"మరి పాట?"

"ఆవిడతోనే పోయింది సార్."

ఫోను పెట్టేసి, కొండమ్మ కళ్ల ముందే రికార్డింగ్ చెరిపేసింది. అయినా మెడ మీద చెయ్యి చాలాసేపటికి గాని లేవలేదు.