గోస్లార్ వైపు పోయిన సగం రైలు

"నా పక్కన కూర్చోకు లెన్నార్ట్. నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి. నీ మౌనం భరించే ఓపిక కూడా లేదు నాకు."

మాగ్డెబర్గ్ స్టేషన్‌లో ఆ మాట అనేసి హెన్రికె ఒక్కతే రైలు చివరి పెట్టెలోకి ఎక్కేసింది. రాత్రంతా ఆసుపత్రి డ్యూటీ చేసి నేరుగా స్టేషన్‌కి వచ్చింది పాపం. ముందు పెట్టెలో అమ్మా నాన్నా ఉడకబెట్టిన గుడ్లు అప్పుడే వలిచేస్తున్నారు. లెన్నార్ట్ వెళ్ళి వాళ్ళ దగ్గర కూర్చున్నాడు. అమ్మమ్మ పుట్టినరోజని అందరూ కలిసి క్వెడ్లిన్‌బర్గ్ అనే పాత ఊరు చూడ్డానికి బయలుదేరారు. ఐదుగురికీ కలిపి ఒకటే టికెట్. అది నాన్న జేబులో ఉంది.

లెన్నార్ట్‌తో నాలుగేళ్ళ ప్రేమ. మనిషి బంగారం, నోరే పెగలదు. మనుషులెవరూ లేని రోడ్డు మీద కూడా ఎర్రలైటు పడితే ఆగిపోయే రకం. పెళ్ళి మాటెత్తితే చాలు, వాన ఎప్పుడు తగ్గుతుందో చెప్పేవాడు. పోట్లాడి పోట్లాడి హెన్రికెకి విసుగొచ్చేసింది. మధ్యాహ్నం కాఫీ, కేకుల దగ్గర అందరి ముందూ చెప్పేయాలనుకుంది, తామిద్దరికీ ఇక కుదరదని. చెప్పేస్తే ఓ పనైపోతుంది, తర్వాత పడుకోవచ్చు.

అద్దానికి తల ఆనించగానే నిద్ర ముంచుకొచ్చింది.

మెలకువ వచ్చేసరికి ఎదురు సీట్లో లెన్నార్ట్ ఉన్నాడు. బయట సన్నగా వాన పడుతోంది.

"ఎక్కడున్నాం?"

"గోస్లార్ వస్తోంది."

హెన్రికె ఉలిక్కిపడింది. హాల్బర్‌స్టాట్‌లో ఈ రైలు రెండుగా విడిపోతుంది. ముందు సగం క్వెడ్లిన్‌బర్గ్‌కి, వెనక సగం గోస్లార్‌కి. ఆ చుట్టుపక్కల చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే. అక్కడ దిగి ముందు సగంలోకి మారదామనుకునే ఎక్కింది తను.

"నువ్వూ నిద్రపోయావా?"

"లేదు. హాల్బర్‌స్టాట్‌లో దిగి పరుగెత్తుకొచ్చాను, నిన్ను లేపడానికి."

"మరి లేపలేదేం?"

లెన్నార్ట్ తన బూట్ల వంక చూసుకున్నాడు. "లేపుదామనే వచ్చాను. నువ్వేమో నోరు తెరుచుకుని నిద్రపోతున్నావు. ఈమధ్య నువ్వలా పడుకోవడం ఎప్పుడు చూశాను? చూస్తూ నిలబడ్డాను. తలుపులు మూసుకుపోయాయి."

ఇంతలో టికెట్లు అడుగుతూ కండక్టర్ రానే వచ్చాడు.

లెన్నార్ట్ లేచి నిలబడ్డాడు. "టికెట్ ఈమె నాన్నగారి దగ్గరుందండీ. వాళ్ళు క్వెడ్లిన్‌బర్గ్‌లో ఉన్నారు. తప్పు నాదే. లేపాల్సింది, లేపలేదు."

"ఏం, ఎందుకు లేపలేదు?"

"ఈమె అంటే నాకు ప్రేమండీ," అన్నాడు గట్టిగా. పెట్టెలో వాళ్ళంతా తలలు తిప్పి చూశారు. అతని చెవులు కందగడ్డల్లా ఎర్రబడ్డాయి.

"నాకెందుకు చెబుతున్నావు నాయనా? ఆవిడకి చెప్పు. గోస్లార్‌లో దిగి టికెట్లు కొనుక్కోండి," అంటూ కండక్టర్ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

"నాలుగేళ్ళు పట్టింది నీకు," అంది హెన్రికె. "అదీ కండక్టర్‌కి చెప్పావు."

ఫోన్ మోగింది. అవతల అమ్మమ్మ.

"ఎక్కడ తగలడ్డారే మీరిద్దరూ?"

"గోస్లార్ సగంలో ఉండిపోయాం అమ్మమ్మా."

"పోట్లాడుకుంటున్నారా?"

హెన్రికె అతని వంక చూసింది. "లేదు."

"అయితే తొందరపడి రాకండి. మీ కేకులు కూడా మేమే తినేస్తాం. ఆ అబ్బాయిని వదిలిపెట్టకు, తెలిసిందా?"

గోస్లార్‌లో దిగి ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చున్నారు. తిరుగు రైలుకి ఇంకా చాలాసేపుంది. ఊరు చూసే ఓపిక ఆమెకి లేదు. చూద్దామని అతనూ అనలేదు.

"ఇందాక ఆయనకి చెప్పింది నాకు చెప్పు," అంది.

చెప్పాడు. ఈసారి తడబడ్డాడు. అయినా ఆగకుండా, తనని పెళ్ళి చేసుకుంటావా అని కూడా అడిగేశాడు. అడిగాక భయపడి వాన గురించి ఏదో మొదలుపెట్టబోయాడు.

"సరే, చేసుకుంటాను," అంది హెన్రికె, అతని భుజం మీద తల వాలుస్తూ. "సాయంత్రం మా వాళ్ళకి నేనే చెబుతాను. అప్పటిదాకా నన్ను లేపకు."