ఐస్ బాక్స్‌లో లేని ప్లాస్మిడ్

"తప్పు మనిషిని పట్టించావు, డేగా!"

చీఫ్ ఫైలు మూసి బల్ల మీద పడేశాడు. సీక్రెట్ ఏజెంట్ డేగ ఆ ఫైలు అందుకున్నాడు.

"ఐస్ బాక్స్‌లో బాక్టీరియా దొరికిందిగా సార్!"

"దొరికింది. పాఠాల్లో వాడే మామూలు రకం. దొంగిలించిన ప్లాస్మిడ్ అందులో లేదు. విదేశీ ముఠా దాన్ని ఈ సాయంత్రమే దేశం దాటిస్తోంది. వాళ్ల చేతికి చిక్కిందంటే ఏ మందుకూ లొంగని జబ్బు తయారు చేస్తారు. టైమ్ మూడు. కదులు!"

మూడు వారాలుగా డేగ ఆ ప్లాస్మిడ్ ఉండే ల్యాబ్‌లో స్వీపర్ వేషంలో ఉన్నాడు. తుడుపుకర్ర పిడిలో కెమెరా, చెవిలో రిసీవర్. అక్కడి ముసలి టెక్నీషియన్ అతన్ని నిజంగానే స్వీపర్ అనుకుని రోజూ తన టిఫిన్ డబ్బాలో సగం పెట్టేవాడు. నిన్న సాయంత్రం అయిదింటికి ఐస్ బాక్స్‌తో బయటికొస్తున్న ఆయన్ను పోలీసులకు సైగ చేసి చూపించింది డేగే. గేటు దగ్గర, స్టాఫంతా చూస్తుండగా, నాన్నను ఇంటికి తీసుకెళ్లడానికొచ్చిన కూతురి ఎదుటే బేడీలు పడ్డాయి. అప్పట్నుంచి డేగకు ముద్ద దిగడం లేదు.

ఇంటరాగేషన్ రూమ్ తలుపు తెరుచుకుంది. టెక్నీషియన్ తలెత్తి చూశాడు.

"అయ్యో తమ్ముడూ! నిన్ను కూడా పట్టుకొచ్చారా?"

డేగ ఆయన ఎదుట కూర్చున్నాడు.

"నేను స్వీపర్ని కాదు, అన్నా. నిన్న సైగ చేసింది నేనే. ప్లాస్మిడ్ అంటే ఏదో సూక్ష్మజీవి అనుకున్నాను."

పెద్దాయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఆ ముక్క ముందే అడిగుంటే నా కూతురు ఏడ్చేది కాదు. విను. బాక్టీరియా ప్రాణి. దాని బతుక్కి కావలసిన వివరమంతా క్రోమోజోమ్‌లో ఉంటుంది. ప్లాస్మిడ్ వేరు. క్రోమోజోమ్ కాకుండా విడిగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్ట. అది లేకపోయినా బాక్టీరియా మామూలుగా బతికేస్తుంది. కానీ మందును తట్టుకునే గుణం చాలాసార్లు అందులోనే ఉంటుంది. పైగా ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకుతుంది."

"మరి రిపోర్టులో వెక్టర్ అని రాశారే?"

"అది చేసే పనిని బట్టి వచ్చిన పేరు. మనకు కావలసిన జీన్‌ను మోసేది ఏదైనా వెక్టరే. ప్లాస్మిడ్‌తో మోయించొచ్చు, వైరస్‌తోనూ మోయించొచ్చు."

"ఐస్ లేకుండా ఎలా తీసుకెళ్తారన్నా?"

"ప్రాణం లేనిదానికి ఐస్ ఎందుకు? ఫిల్టర్ పేపర్ మీద ఒక చుక్క వేసి ఆరనిస్తాం. చుక్క ఎక్కడుందో తెలియడానికి చుట్టూ పెన్సిల్‌తో సున్నా గీస్తాం. ఒక ల్యాబ్ నుంచి ఇంకో ల్యాబ్‌కి కవర్లో పంపుకుంటాం." ఆయన ఉన్నట్టుండి ఆగాడు. "నిన్న మేడమ్ నన్నడిగి ఫిల్టర్ పేపర్ తీసుకుంది. ఆ ఐస్ బాక్స్ చేతికిచ్చి పంపిందీ ఆమే."

మేడమ్ అంటే విజిటింగ్ సైంటిస్ట్. కోడ్ నేమ్ నెమలి. ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తోందని అందరూ నమ్మిన డబుల్ ఏజెంట్. ఐస్ బాక్స్ సంగతి డేగ చెవిలో ఊదింది ఆమే. ఆమె నవ్వు చూసి నమ్మేశాడు. ఇప్పుడు తనను తాను తిట్టుకుంటూ కారెక్కాడు.

ఎయిర్‌పోర్టులో లాస్ట్ కాల్ వినిపిస్తోంది. నల్ల కళ్లద్దాలు, సిల్కు స్కార్ఫ్‌తో నెమలి గేటు వైపు నడుస్తోంది. డేగను చూడగానే నవ్వుతూ చేతిలోని ఫ్లాస్క్ చాపింది.

"దీనికోసమేగా వచ్చావు? తీసుకో."

డేగ ఫ్లాస్క్ వైపు చూడలేదు. ఆమె చంకలోని నవల లాగాడు. ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. లోపలున్నది మత్తు సూది. అది మెడకు తగలబోయే క్షణంలో ఆమె మణికట్టు డేగ చేతికి చిక్కింది. నవల కిందపడి పేజీల్లోంచి తెల్లకాగితం ముక్క జారింది. దాని మీద చిన్న పెన్సిల్ సున్నా.

"ఎవరు చెప్పారు?" అంది నెమలి, నవ్వు మాయమై.

"నువ్వు ఇరికించినాయన!"

రిసీవర్లో చీఫ్ గొంతు వినిపించింది. "శభాష్! ఆ టెక్నీషియన్‌ని ఎవరికీ తెలియకుండా ఇంటి దగ్గర దింపెయ్. నీ ముఖం బయటపడకూడదు."

డేగ రిసీవర్ పీకి జేబులో వేసుకున్నాడు. సరిగ్గా అయిదింటికి పెద్దాయన్ను ల్యాబ్ గేటు ముందుకే తీసుకొచ్చాడు. స్టాఫంతా అక్కడే ఉన్నారు, కూతురు కూడా.

"ఈయన ఏ తప్పూ చేయలేదు. తప్పంతా నాది. నేను స్వీపర్ని కాదు, గూఢచారిని," అని అందరికీ వినబడేలా చెప్పాడు.

కూతురు నాన్న చెయ్యి పట్టుకుని నడిచింది. డేగ వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"సీక్రెట్ ఏజెంట్‌వయ్యుండి నడివీధిలో చెప్పుకుంటావా?" ఆ రాత్రి ఆఫీసులో చీఫ్ మండిపడ్డాడు.

"ఆయన పరువు తీసింది కూడా నడివీధిలోనే సార్."

చీఫ్ నిట్టూర్చాడు.

"రేపట్నుంచి నీకు డెస్క్ డ్యూటీ. ఇంకెవరికైనా బేడీలు వేయించే ముందు విషయం చదువుకోడానికి అక్కడ బోలెడంత తీరిక."