పాముచేప ముక్కు

చేపల ప్రదర్శనశాల యజమానురాలు మెట్లెక్కి వచ్చి డిటెక్టివ్ ఎదుట కుర్చీలో కూలబడింది.

"మా పాముచేపకు ఎవరో మందు పెట్టారండీ. మూతి ముందు మేత పెట్టినా కదలడం లేదు."

"అనుమానం ఎవరి మీద?" అన్నాడు డిటెక్టివ్. పేటలో ఆయన్ని నిదానంగారంటారు.

"మేతవేసే తాత మీద. అందరూ వెళ్ళాక తొట్టిలో చెయ్యి పెడుతుంటే మా మరిది చూశాడు. అది నేను వద్దన్న పని. అడిగితే నోరు విప్పడు. ఇవాళే పంపించేస్తాను."

"ఈ పూటకు ఆగండి."

ప్రదర్శనశాలకు వెళ్ళేసరికి తొట్టిలో, రాళ్ళ సందులోంచి పాముచేప తల కనిపిస్తోంది. తాత పక్కన నిలబడ్డాడు. వేళ్ళకు గుడ్డపీలికలు.

నిదానంగారు పుల్లకు చేపముక్క గుచ్చి దాని ముందు ఆడించాడు. చలనం లేదు. చిన్న నీలిచేపలు మాత్రం చూసి ఎగబడ్డాయి. ముక్కను పెదవికి తాకించాడు. చటుక్కున లాగేసింది. నిదానంగారి వెంట వచ్చిన సహాయకుడు ఎగిరి వెనక్కి దూకాడు.

"ఆకలి చావలేదు," అంటూ నిదానంగారు తలెత్తాడు. నీళ్ళు పడే గొట్టానికి మెరిసే అతుకు. దాని కింద గోడ మీద ఆకుపచ్చ చార.

"ఇది బిగించిందెవరు?"

"నేనే!" అన్నాడు మరిది హుషారుగా. "ప్లాస్టిక్‌ది ఊరికే కారుతోందని వదిన కోసం రాగిది వేశాను, మొన్నటి వానలప్పుడు. ఇంక మనవల దాకా చూసుకోనక్కర్లేదు."

"మేత మానేసిందీ ఆ వానల తర్వాతే," అంది యజమానురాలు మెల్లగా.

నిదానంగారు అందరినీ తొట్టి ముందు నిలబెట్టాడు.

"దీనికి చూపు మందం. ముక్కే దిక్కు. మూతి చివర రెండు గొట్టాలున్నాయి చూడండి. నీళ్ళు వాటిలోంచి వెళ్ళి, కళ్ళ దగ్గరి కన్నాల్లోంచి బయటికొస్తాయి. ఊపిరికి కాదు, వాసనకే. లోపల పూరేకుల్లా మడతలుంటాయి. ఉప్పునీటికి రాగి చిలుము పట్టి, ఆ నీళ్ళు ఈ మడతల్ని కాల్చాయి. నీలిచేపలు కంటితో తింటున్నాయి. ఇది తిండి ఎదురుగా ఉన్నా ఎరగదు."

"మరి తాత చెయ్యి?" అన్నాడు సహాయకుడు.

"రోజూ పెదవికి తాకించి తినిపించాడు. ఆ పీలికల కింద పంటిగాట్లు. విషం పెట్టేవాడు రోజూ కరిపించుకుంటాడా?"

"చెప్పలేదేం తాతా?" అంది యజమానురాలు.

"చెప్తే చెయ్యి పెట్టొద్దంటారు. పెట్టకపోతే అది పస్తుంటుంది."

మరిది అప్పటికే పానా పట్టుకుని స్టూలెక్కాడు. ముఖం ఎవరికీ చూపించలేదు.

కొంతకాలానికి కబురొస్తే నిదానంగారు, సహాయకుడు మళ్ళీ వెళ్ళారు. రాగి ముక్క లేదు, నీళ్ళు కొత్తవి. తాత తొట్టికి ఆ చివర మేత గుచ్చిన పుల్ల దించాడు. మూతి మీది గొట్టాలు అదిరాయి. పాముచేప రాళ్ళు దాటుకుంటూ వచ్చి అందుకుంది.

యజమానురాలు నిదానంగారికి నమస్కరించబోయింది. ఆయన తల అడ్డంగా ఊపి తాతను చూపించాడు. ఆవిడ అటు తిరిగి చేతులు జోడించింది.

"మేత కోసే పని ఇకనుంచి నాది తాతా," అన్నాడు మరిది.

"కొయ్యి నాయనా," అన్నాడు తాత. "గొట్టం జోలికి మాత్రం వెళ్ళకు."