మలుగు పిల్లల దారి

శనివారం పొద్దున ఆ ఇంట్లో పేపరు చదవనిదే ఎవరూ చెంచా ముట్టరు. పెళ్లయిన నాటి నుంచి అదే ఆచారం. సిరిల్ వెనక పేజీ తిప్పి, కళ్లజోడు ముక్కు చివరికి దించి, పిట్టల గురించో పురుగుల గురించో ఆ వారం వచ్చిన వ్యాసం గొంతెత్తి చదువుతాడు. ఫుట్‌బాల్ సంగతులు ఆ తర్వాతే. భార్య ఈనిడ్ పొయ్యి దగ్గర, అతనికి వీపు పెట్టి, పెనం మీద బేకన్ ముక్కలు తిప్పుతూ వింటుంది.

ఆమె చిన్నప్పుడే బడి మానేసి పొలాల్లో సెలరీ ఆకుకూర కడిగే పనిలో చేరింది. గబగబా చదవడం రాదు. అయినా ఆ పొయ్యి ముందు నిలబడే ఆమె ఎన్ని చోట్లు తిరిగి వచ్చిందో! నాచు కింద బతికే పురుగుల ఊళ్లు చూసింది, తోకచుక్క వెనకాల పోయింది. గాలిలో ఎగురుతూనే నిద్రపోయే పిట్టలున్నాయని ఒకసారి సిరిల్ చదివితే, "అయ్యో, నిద్రమత్తులో కింద పడిపోవూ?" అని గరిటె పట్టుకునే వెనక్కి తిరిగింది. తండ్రి ఒళ్లో కూచున్న చిన్నారి మేరియన్ పకపకా నవ్వింది. తర్వాత కిటికీ దగ్గరికి పరుగెత్తి, ఆకాశంలోకి చాలాసేపు చూసింది. ఆ పిచ్చి దానికి అప్పుడే పట్టిందని ఈనిడ్ నమ్మకం.

ఇప్పుడు మేరియన్ తూర్పు తీరంలో చేపల మీద పరిశోధన చేసే చోట పనిచేస్తోంది. ఈ వారం వెనక పేజీలో వ్యాసం దానిదే.

"చదవవయ్యా! మన పిల్ల పేరు చూసుకుని మురవడమేనా?" అంది ఈనిడ్.

సిరిల్ గొంతు సవరించుకున్నాడు. "మా ఊరి కాలవల్లో పాముల్లాంటి మలుగు చేపలు ఉండేవి. అవి ఎక్కడి నుంచి వస్తాయని మా అమ్మని అడిగితే..." అక్కడ ఆగిపోయాడు. కళ్లు మాత్రం కింది వరసల మీదికి జారాయి. పేపరు మడిచి పిరుదుల కింద పెట్టుకున్నాడు. "అచ్చు సరిగా పడలేదే. టీ పొయ్యి."

ఈనిడ్ గరిటె పక్కన పెట్టేసింది. ఎవరికో ఏదో అయింది. పిల్లకి జబ్బేమో, ఆ మాట పేపర్లో రాసిందేమో!

"నిజం చెప్పు. ఏముంది అందులో?"

"చేపలున్నాయి."

అంతలో పెరటి కంచె మీంచి ఆలివ్ కేక వినబడింది. పక్కింటి ఆలివ్ నోట పడితే చర్చి గంట కొట్టినట్టే, ఊరందరికీ తెలుస్తుంది.

"ఒసేయ్ ఈనిడ్! మీ అమ్మాయి నిన్ను పేపర్లో వేసిందే! గుర్రం తోక వెంట్రుక నీళ్లలో పడితే మలుగు అవుతుందని చెప్పావట! బేకరీ దగ్గర కడుపు చెక్కలయ్యేలా నవ్వాం అందరం!"

ఈనిడ్ కిటికీ తలుపు వేసేసింది. గుర్రాల నీళ్ల తొట్టిలో సన్నగా మెలికలు తిరిగేవాటిని చూపించి చిన్నప్పుడు ఆమెకు వాళ్ల నాన్న చెప్పిన మాటే అది. ఈ చిత్తడి నేలల్లో పుట్టిన పాతకాలం వాళ్లందరూ అదే నమ్మారు. ఆ ఆలివ్ వాళ్లమ్మ కూడా నమ్మింది! కానీ పేపర్లోకి ఎక్కింది మాత్రం ఈనిడ్ ఒక్కతే.

మధ్యాహ్నం బస్సు దిగి మేరియన్ వచ్చింది. తడిసిన కోటు విప్పకుండానే, "చదివారా?" అని అడిగింది. దాని మొహం వెలిగిపోతోంది.

"ఊరంతా చదివింది," అంది ఈనిడ్. "నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యడానికేనా నిన్ను అంత చదివించింది?"

మేరియన్ తండ్రి వంక చూసింది. ఆయన టీ కప్పులో ఏదో పోగొట్టుకున్నవాడిలా వెతుకుతున్నాడు.

"నువ్వు చివరిదాకా చదివావా అమ్మా?"

"ఆలివ్ నోరుండగా నేను చదవడమెందుకు?"

"సరే. ఎలాగూ కోపంలోనే ఉన్నావు కాబట్టి ఇదీ చెప్పేస్తాను." మేరియన్ కుర్చీలో కూలబడింది. "నా ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. సోమవారం జవాబు చెప్పాలి. వద్దని చెప్పబోతున్నాను. పేపరు వాళ్లు ప్రతి వారం రాయమంటున్నారు. రాసుకుంటూ బతుకుతాను."

ఈనిడ్ చేతిలోని గుడ్డ నేల మీద పడింది.

"రాసుకుంటూ! జబ్బు పడితే? ఆ పేపరు మూతపడితే? చీకట్లో కూచుని రాసి రాసి కళ్లు పోతే? ముసలితనంలో నీకు ఎవరు దిక్కు?"

"పిడుగు పడటం ఒక్కటి మరిచావు," అన్నాడు సిరిల్.

"నువ్వు ఊరుకో! చిన్నప్పుడు ఒళ్లో కూచోబెట్టుకుని ఆ చదువులు చదివి పిల్లని ఇలా తయారుచేసింది నువ్వే!"

"అమ్మా," అంది మేరియన్. "నేను రాసిన పరిశోధన పత్రాలన్నీ నీకు పంపాను. ఒక్కటైనా చదివావా?"

"అవి మనుషులు చదవడానికి రాసినవా? మొదటి ముక్కకే తల తిరుగుతుంది. నలగకుండా బీరువాలో ఇస్త్రీ దుప్పట్ల కింద దాచాను. ఒక్కదానికీ మరక పడనివ్వలేదు, వెళ్లి చూసుకో!"

"అదే అమ్మా నా బాధ. నేను చేసిందంతా ఆ దుప్పట్ల కిందే ఉండిపోయింది. దాన్ని చదివేవాళ్లు నాలాంటి వాళ్లే ఓ గుప్పెడు మంది. నాన్న పొద్దున్నే చదువుతుంటే నువ్వు వెనక్కి తిరిగి, 'అయ్యో, పడిపోవూ?' అని అడిగేదానివి చూడు... నేను రాసింది విని ఒక్కరూ అలా అడగలేదు. ఇన్నేళ్లలో ఒక్కరూ."

అది లేచి బయటికి వెళ్లిపోయింది. గేటు టపామని పడింది. ఏటి గట్టు వైపే వెళ్లుంటుంది, చిన్నప్పుడు అలిగినా అక్కడికే వెళ్లేది. గట్టు జారుతూ ఉంటుంది ఈ రోజుల్లో. ఈనిడ్ కాళ్లు తలుపు దాకా వెళ్లి ఆగాయి.

"పేపరు ఇవ్వు," అంది భర్తతో.

"నేను చదువుతానులే..."

"అక్కర్లేదు. నీకు నచ్చని చోట ఆపేస్తావు. లే, పైకి లే. మళ్లీ దాని మీదే కూచున్నావు."

ఆమె కళ్లజోడు పెట్టుకుంది. అక్షరాల కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ ఒక్కో మాటా చదివింది. సిరిల్ కప్పులు కడిగాడు.

గుర్రం వెంట్రుక సంగతి వచ్చింది. ఆమెకు చెవులు కాలాయి. అయినా వేలు ఆపలేదు.

"నేను అమ్మ మాట నమ్మి, బండి గుర్రం తోకలోంచి ఒక వెంట్రుక పీకి జాడీలో వేశాను. రోజూ చూసేదాన్ని. వెంట్రుక వెంట్రుకగానే ఉండిపోయింది. ఒక పొద్దున చూస్తే, జాడీ చుట్టూ అమ్మ ఉన్ని శాలువా చుట్టి ఉంది. 'పాపం, చలికి పుట్టలేకపోతోందేమో' అంది అమ్మ. ఇద్దరం కూర్చుని ఎదురుచూశాం.

"తర్వాత పెద్ద పెద్ద పుస్తకాలు చదివాను. బురదలోంచి మలుగులు పుడతాయని ఒకనాటి మహాపండితులు రాశారట. మేము మాత్రం తెలుసుకున్నది ఎంత? దూరాన సముద్రంలో ఎక్కడో పుడతాయని తెలుసు. అక్కడ అవి గుడ్లు పెట్టడం మాత్రం ఈ రోజు వరకూ ఎవరూ కళ్లతో చూడలేదు. అమ్మ చెప్పింది తప్పు. కానీ ఇంకా పుట్టని ప్రాణానికి చలేస్తుందేమోనని శాలువా తెచ్చిన మనిషిని నేను పరిశోధనశాలలో మళ్లీ చూడలేదు."

ఈనిడ్‌కి ఆ శాలువా సంగతి గుర్తే లేదు. అక్షరాలు మసకబారాయి. కళ్లజోడు తుడిచి పెట్టుకుంది, మళ్లీ మసకబారాయి. తుడవాల్సింది జోడు కాదని అప్పుడు తెలిసింది.

"ఏమే, బాగుందా?" అన్నాడు సిరిల్ మెల్లగా.

"అచ్చు బాగానే పడింది," అంది ఆమె. లేచి కోటు వేసుకుంది.

వాన వెలిసింది. గట్టు వాలులో మేరియన్ గొంతుక్కూచుని ఊజ్ నదిని చూస్తోంది. ఒకప్పుడు ఆ ఒడ్డున విల్లో చెట్ల చువ్వలతో అల్లిన, మలుగుల్ని పట్టే మావు బుట్టలు ఆరబెట్టి ఉండేవి. సాయంత్రానికి ఇంటింటా మలుగుల కూర ఉడికేది. ఇప్పుడు మావులూ లేవు, అల్లేవాళ్లూ లేరు. ఈనిడ్ గడ్డి పరకలు పట్టుకుని పడిపోతానేమోనని భయపడుతూనే దిగి, కూతురి పక్కన చతికిలబడింది. 

"గుడ్లు పెట్టాక తల్లి మలుగు మళ్లీ ఇటు వస్తుందా?" అని అడిగింది ఈనిడ్.

మేరియన్ చటుక్కున తల తిప్పింది. "రాదమ్మా. అక్కడే చచ్చిపోతుందంటారు."

"అయ్యో! మరి పిల్లల్ని ఎవరు చూస్తారు? దారెవరు చెబుతారు?"

"ఎవరూ చెప్పరు. అంత సముద్రం దాటి వాటంతట అవే ఈ కాలవల్లోకి వచ్చేస్తాయి."

"ఎలా వస్తాయే?"

"పూర్తిగా ఎవరికీ తెలీదు."

తెలియదన్న మాట వింటే చాలు, ఈనిడ్ జీవితమంతా వణికింది. పిల్ల బడి నుంచి ఆలస్యమైతే తెలియదు, పడవెక్కి సముద్రంలోకి వెళ్తే తెలియదు, ఫోను మోగకపోతే తెలియదు. ఆ మాటే కూతురి నోట ఎంత సంబరంగా వచ్చింది! కిటికీలోంచి ఆకాశం చూసిన ఆ చంటిపిల్ల మొహమే ఇది. ఇన్నేళ్లు ఉద్యోగం సంగతులు చెప్పేటప్పుడు ఈ మొహం ఎక్కడికి పోయిందో, తల్లయి ఉండీ తను ఎందుకు అడగలేదో.

"సోమవారం నీకు తోచిందే చెప్పు," అంది.

"నీకు భయం వెయ్యదా అమ్మా?"

"వెయ్యకేం? ఇన్నాళ్లూ నీకు ఉద్యోగం ఉంటే మాత్రం నిద్రపోయానా? పడవ మునిగిందని కలలు. నా భయం నాకుంటుంది, దాన్ని నువ్వు మోసుకు తిరగకు." ముక్కు చీదుకుంది. "కాకపోతే చిన్న చిన్న మాటలు వాడు. ఇకనుంచి నేనే చదువుకుంటాను."

మేరియన్ నవ్వబోయి ఏడ్చేసింది. తల్లి భుజం మీద తల పెట్టింది. ఈనిడ్ ఆ తడి జుట్టు నిమురుతూ నీళ్ల వైపు చూసింది. రోజూ చూసే నీళ్లే. కానీ ఇప్పుడు అడుగున ఏముందో చూడాలని ముందుకు వంగింది.

"ఆ పిల్లలు వచ్చేటప్పుడు ఎలా ఉంటాయి?"

"వేలెడంత ఉంటాయి. గాజులా ఉంటాయి. వెనకున్నది ముందుకు కనబడేంత పల్చగా."

"లోపలిదంతా కనిపిస్తుందా?"

"గుండె కొట్టుకోవడం కూడా కనిపిస్తుందమ్మా."

 ఈనిడ్ చేత్తో కళ్లు తుడుచుకుంది.

"వచ్చే వారం అది రాయి," అంది.