మూడు పాయింట్లు కలిస్తేనే

పుల్లన్న పట్టిన కుందేలుకు మూడే కాళ్లని కంబదూరు చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఆయన బోరు వేసే పద్ధతి కూడా మూడు కాళ్ల మీదే నడిచేది. ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచేవాడు రావాలి. తర్వాత వేపపుల్ల పట్టేవాడు రావాలి. చివరికి అనంతపురం నుంచి జియాలజిస్టు యంత్రంతో రావాలి. ఒకరికి తెలియకుండా ఒకరు చూపిన పాయింట్లు ఒకచోట కలిస్తేనే బోరు బండికి కబురు వెళ్లేది. వయసులో ఉండగా ఒక్కడి మాట నమ్మి వేసిన బోర్లలో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఈ పద్ధతి పట్టాకే చీనీ తోట, అదే బత్తాయి తోట, నిలబడింది. అలాంటి మనిషిని మాట మార్చమని అడగడం ఎవరి తరం?

ఆ ఉదయం ఆయన వాకిట్లో కూర్చుని రాగిజావ తాగుతున్నాడు. వీధిలో కారు సిద్ధంగా ఉంది. కొడుకు విష్ణువర్ధన్, కోడలు ప్రసూన బట్టలు సర్దేశారు. బెంగళూరు వెళ్లి, తీగ పంపి గుండె రక్తనాళాలు చూసే యాంజియోగ్రామ్ ఆయనకు చేయించాలని వాళ్ల ఆరాటం. వెళ్లాల్సిన మనిషి మాత్రం పంచె ఎగ్గట్టి తోటకు బయలుదేరే ధోరణిలో ఉన్నాడు.

గట్టు ఎక్కితే ఎదలో బరువు పెడుతోందని తెలిసిన భార్య రామసుబ్బమ్మ పోరు పడలేక కిందటి వారమే అనంతపురంలో పరీక్షలు చేయించుకున్నాడు. ఈసీజీలో తేడా ఏమీ లేదన్నారు. ఎకోలో గుండె గోడలు, కవాటాలు తెర మీద చూపించి, చక్కగా కొట్టుకుంటోందన్నారు. ట్రెడ్‌మిల్ మీద నడిపించినప్పుడు మాత్రం కాసేపటికే కాగితం మీద గీతలు మారాయి, ఎదలో బరువు మొదలైంది. గబగబా దించేసి, బెంగళూరు వెళ్లమన్నారు.

"ఒకటి తేడా లేదనె. ఒకటి బాగుండాదనె. మూడోది బాగలేదనె. కలవని పాయింటులో బోరేసేటోడు పిచ్చోడప్పా" అన్నాడు పుల్లన్న, గ్లాసు కింద పెడుతూ.

తీగ పెట్టకుండానే రక్తనాళాలు చూపించే కొత్త సీటీ స్కాన్ వచ్చిందట, అదైనా చేయిద్దామని విష్ణువర్ధన్ బేరానికి దిగాడు. ప్రసూన అదీ డాక్టరును అడిగే వచ్చింది. నాళాల్లో సున్నం పేరుకుని ఉంటే ఆ బొమ్మ సరిగా రాకపోవచ్చనీ, అడ్డు కనిపిస్తే ఎలాగూ తీగ పెట్టక తప్పదనీ, ఈయనకు నేరుగా యాంజియోగ్రామే మేలనీ చెప్పాడట.

ప్రసూన హైస్కూల్లో సైన్సు చెబుతుంది. అర్థం కాని పిల్లవాడికి ఇంకోసారి చెప్పడం ఆమెకు అలవాటే. మామ ఎదురుగా మెట్టు మీద కూర్చుంది.

"మామా, కొబ్బరికాయ, వేపపుల్ల, యంత్రం, మూడూ అడిగేది ఒకటే, నీళ్లు యాడుండాయని. అందుకే మూడూ కలవల్ల. ఈ పరీక్షలు అట్ల కాదు. ఎకో గుండెను చూస్తాది. నడిపిచ్చేది, పని పెరిగితే తట్టుకుంటాదా లేదా అని చూస్తాది. ఆ గుండెకు రక్తం తెచ్చే గొట్టం లోపల ఏముండాదో ఇంకా ఎవురూ చూడనే లేదు."

మాట సూటిగా తగిలింది. పుల్లన్న గొంతు పెంచాడు.

"నా కడుపున పుట్టింటే ఇట్ల ఎద కోయమని చెప్పుంటావా నువ్వు?"

ప్రసూన ముఖం పాలిపోయింది. లేచి లోపలికి వెళ్లింది.

"పదేండ్లుగా నీకు అన్నం పెడ్తాండే పిల్ల అది. నీ నోట్లో నుంచి రావలసిన మాటేనా?" అంది రామసుబ్బమ్మ.

పుల్లన్న తువ్వాలు భుజాన వేసుకుని తోటదారి పట్టాడు. అన్న మాట నోరు దాటగానే తప్పని తెలిసింది. వెనక్కి తిరగడానికే కాళ్లు రాలేదు.

తోటలో మోటరు హాయిగా మోగుతోంది. అయినా కొన్నాళ్లుగా చివరి వరస చెట్లు ఆకు ముడుచుకుంటున్నాయి. మెకానిక్ వచ్చి మోటరు చూసి, ఏ లోపమూ లేదని చెప్పిపోయాడు. ఒక్క వరస వాల్వు తిప్పితే నీళ్లు అందేవి, అన్ని వరసలూ తిప్పితే చివరి చెట్లు ఎండేవి. ఈరోజు దాని సంగతి తేల్చాలని పుల్లన్న మోటరు ఆపి, వరసలన్నిటికీ నీళ్లు పంచే డ్రిప్పు పైపును రంపంతో కోశాడు. లోపల ఉప్పునీళ్లకు సున్నం తెల్లగా గడ్డకట్టి, చిటికెన వేలు కూడా పట్టనంత సందు మిగిలింది.

పైపు ముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మోటరును చూసినవాడు అబద్ధం చెప్పలేదు. చెట్లు ఎండడమూ అబద్ధం కాదు. పైపు కోసేదాకా అసలు సంగతి తేలలేదు, అంతే. ఎదలో బరువు పెట్టి గట్టు మీద కూలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ఆయనకు భయం వేసింది.

ప్రసూన అప్పటికే పొలం గట్టు మీద వస్తోంది, చేతిలో నీళ్ల చెంబు, ఎదలో బరువు పెడితే వాడమని డాక్టరిచ్చిన మాత్ర. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ముందు మాత్ర నాలుక కింద పెట్టించి, ఊపిరి కుదుటపడేదాకా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఆయన పైపు ముక్క ఆమె ఒడిలో పెట్టాడు.

"మోటరు బాగుండాదమ్మా" అన్నాడు. "తప్పు మాటన్నాను. మనసులో పెట్టుకోవద్దు. ఈసారి ఒక్క పాయింటుకే పోతాం. నువ్వు పెట్టిన పాయింటుకు."

విష్ణువర్ధన్ కారును తోటదాకా తెచ్చాడు. అడుగు కూడా నడవనివ్వకుండా ఎక్కించారు.

బెంగళూరు ఆసుపత్రిలో తొడ దగ్గర సూది మొనంత దారిలో తీగ పంపారు. కోత లేదు, మత్తు లేదు. పుల్లన్న మెలకువగానే పడుకుని తెర చూశాడు. రంగుమందు నాళంలో పరుగెత్తుకుంటూ వచ్చి, ఒకచోట దారంలా సన్నబడింది. ఆయనకు ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. అక్కడే ఆ అడ్డు తీసి స్టెంటు వేశారు. మళ్లీ మందు వదిలితే అది చివరి కొమ్మలదాకా నిండుగా పారింది.

వార్డులోకి తెచ్చాక రామసుబ్బమ్మ చెయ్యి పట్టుకుంది, కొడుకు దుప్పటి సర్దాడు. ఆయన కళ్లు మాత్రం తలుపు దగ్గర నిలబడిన కోడలి కోసం వెతికాయి. బోరు బండి దగ్గర తడిమట్టి పైకి లేచిన రోజున ఊరంతా వినేలా కేకవేసే మనిషి, ఇప్పుడు మెల్లగా అన్నాడు.

"ప్రసూనమ్మా, నీ పాయింటులో నీళ్లు పడినాయి."

ప్రసూన దగ్గరికొచ్చి నవ్వబోయి, ఆయన పాదాల దగ్గర దుప్పటిలో ముఖం దాచుకుని ఏడ్చేసింది.