గుమ్మం పక్క గోడ

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి పూర్ణిమ మోవాలో తమ ఇంటి ముందు ఆటో దిగేసరికి తల్లి రాజశ్రీ గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. ఆ నవ్వు చూడగానే పూర్ణిమకి అనుమానం వచ్చింది. అమ్మ అలా నవ్విందంటే ఎవరూ అడక్కుండానే ఏదో ఘనకార్యం చేసి పెట్టిందన్నమాటే.

"కళ్ళు మూసుకుని రా" అంది రాజశ్రీ.

"అమ్మా, భుజం మీద కాలేజీ కెమెరా ఉంది. పడిందంటే నా పని అయిపోయినట్టే. సంగతేంటో చెప్పు."

చెప్పక్కర్లేకపోయింది. గుమ్మం పక్క గోడ లేత నీలం రంగులో తళతళలాడుతోంది. రంగు వాసన ఇంకా పోలేదు.

పూర్ణిమ అక్కడే కొయ్యబారిపోయింది. మంగళవారం ఇవ్వాల్సిన సినిమా, మూడేళ్ళ ఫిల్మ్ కోర్సుకి ఆఖరి పరీక్ష, ఆ గోడ మీదే ఆధారపడి ఉంది. శ్రీకాకుళం నుంచి ఈ హిందీ ఊరికి పని కోసం వలసొచ్చిన తండ్రి నాగబాబు రోజూ సిల్తారాలో ఇనుము తయారుచేసే స్పాంజ్ ఐరన్ ప్లాంటు నుంచి వచ్చి, ఆ గోడకి చెయ్యి ఆనించి బూట్లు విప్పుతాడు. చేతికంటిన ప్లాంటు నల్లపొడి ఏళ్ళ తరబడి ఒకేచోట పేరుకుని పెద్ద మరకయింది. ఒక కార్మికుడు పని ముగించి ఇంటికి చేరడం, అదే ఆమె కథ. మరక పక్కన తండ్రి నిలబడే షాట్లు శుక్రవారమే తీసింది. లోపలికి నడిచే షాట్లు ఇవాళ తీయాలి. నిన్నంతా పక్క ఊరు మందిర్ హసౌద్‌లో స్నేహితురాలు వీణ సినిమాకి సాయం చేసి, అక్కడే పడుకుని ఇప్పుడొచ్చింది. ఒక్కరోజు లేకపోతే ఇంత పని జరిగింది. ఇప్పుడు రెండూ కలిపితే మనిషి ఒక అడుగు నల్ల మరక దగ్గర, మరో అడుగు నీలం గోడ దగ్గర వేస్తాడు.

మూడేళ్ళుగా ఈ ఇంట్లో ఇదే గోల. కెమెరా కదలకుండా ఒక్క నిమిషం ఏదైనా తీసుకురమ్మని మొదటి ఎక్సర్‌సైజు ఇస్తే, అమ్మ దోసెలు పోస్తుండగా తీసింది. అమ్మ పట్టుచీర కట్టుకుని మరీ పోసింది. క్లాసంతా ఒకటే నవ్వు. రెండోది, ఒక మనిషి తలుపు తీసుకుని లోపలికి రావడాన్ని మూడు షాట్లలో తీసి, అతుకు తెలియకుండా కలపడం. నాన్న తలుపుని బయట కుడిచేత్తో తోసి, లోపల ఎడమచేత్తో తోశాడు. ఇరవై రెండుసార్లు తోయించింది. ఆ తర్వాత మాటలు, చప్పుళ్ళు, దీపాలు. వెలుగు ఎటు నుంచి పడాలో, ఏ చప్పుడు ఉంచాలో, ఎక్కడ కత్తిరించాలో ఒక్కొక్కటిగా ఆమె చేతికొచ్చాయి. ఇంట్లోవాళ్ళకి మాత్రం ఒక్క ముక్క ఎక్కలేదని ఆమె బాధ.

"కంటిన్యూటీ, కంటిన్యూటీ అని మొత్తుకున్నాను కదమ్మా!" అని అరిచింది.

"ఏటి మొత్తుకున్నావు? గాజులు మార్చకు, బొట్టు మార్చకు, చీర మార్చకు అన్నావు. మూడ్రోజుల నించి ఇదే చీరతో చస్తున్నాను, చూడు! గోడ మాట ఎప్పుడైనా అన్నావా?"

"అసలు ఎవరు వేయమన్నారు?"

"పెద్ద తెర మీద వేస్తారన్నావు కదే. ఆ మరక ఏనుగంత కనబడదూ? మీ కాలేజీ మేడమ్ చూసి, ఈ తెలుగోళ్ళ ఇల్లెంత మాసిపోయి గందాగా ఉందో అనుకోదూ? రంగేసి పుతాయీ చేస్తే తప్పా?"

"నా సినిమా నాశనం చేశావు. మూడేళ్ళూ బూడిదలో పోశావు!"

"మీ అమ్మననకు." లోపలి గదిలోంచి నాగబాబు వచ్చాడు. బనీను నిండా నీలం చుక్కలు. "నిన్న నాకు డ్యూటీ లేదు, ఛుట్టీ కదా. నేనే వేశాను."

"నువ్వా? సినిమా మొత్తం ఆ మరక మీదే ఉందని తెలీదా నాన్నా?"

"తెలుసు. కెమెరా అటే పెడుతున్నావు కదా. అందుకే వేశాను. నా చేతి మసి నలుగురికీ చూపిస్తావేటి?"

"మసి అని కాదు నాన్నా. మనిషి అలసిపోయి వచ్చి, నిలబడి గోడ పట్టుకుని బూట్లు విప్పుకుంటాడు. అది తెర మీద ఎంత అందంగా ఉంటుందో నీకు తెలీదు."

"అందమా?" నాగబాబు నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. "అందరూ మెట్టు మీద కూర్చుని విప్పుకుంటారు. నేనెందుకు నిలబడతానో ఎప్పుడైనా అడిగావా?"

"ఎందుకు?"

"కూర్చుంటే లేవలేను."

ప్లాంటులో మెట్ల మీద కాలు జారి మోకాలు దెబ్బతిందని, అది పూర్ణిమ కాలేజీలో చేరిన నెలలోనేనని ఆయన మెల్లగా చెప్పాడు.

"మూడేళ్ళా?" అంది రాజశ్రీ. "నాతో ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే పదండి శ్రీకాకుళం పోదాం అనేదానివి. మరి దీని చదువో?"

పూర్ణిమకి తన సినిమాలన్నీ గుర్తొచ్చాయి. ప్రతిదాంట్లోనూ నాన్న గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగేవాడు. ఆయనకి నటన రాదని వీణతో చెప్పి నవ్వింది. ఆ ఆగడాన్ని ప్రతిసారీ కత్తిరించి పారేసింది. కత్తిరింపు చక్కగా ఉందని మేడమ్ మెచ్చుకుంటే మురిసిపోయింది. మూడేళ్ళు కళ్ళు ఆయన మీదే పెట్టుకుని కూడా ఏమీ చూడలేదు. ఆమె చేతుల్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఊరుకో తల్లీ. ఇవాళ ఒంటిగంటకి డ్యూటీ. ఏం చెయ్యాలో చెప్పు" అన్నాడు నాగబాబు.

"బొగ్గు తేనా? మళ్ళీ మరక పెట్టేద్దాం" అంది రాజశ్రీ, నిజంగానే.

పూర్ణిమకి ఏడుపులోనే నవ్వొచ్చింది. "వద్దమ్మా. శుక్రవారం తీసింది పక్కన పడేస్తాను. ఒక్క షాటే తీస్తాను. కానీ రేపు ముందు డాక్టరు, తర్వాతే కాలేజీ. ఒప్పుకుంటేనే తీస్తాను."

నాగబాబు బట్టలు మార్చుకుని, బూట్లు తొడుక్కుని బయటికి వెళ్ళాడు. "ఎలా రమ్మంటావు?"

"నీకెలా వస్తే అలా రా నాన్నా. తొందరేం లేదు."

ఆయన మెట్టెక్కి ఆగాడు. ఊపిరి పీల్చుకుని, గోడకి చెయ్యి ఆనించి, బూటు కోసం వంగబోయాడు. మోకాలు ఒప్పుకోలేదు. పళ్ళు బిగించాడు. కెమెరా వెనకాల నిలబడి చూస్తున్న రాజశ్రీకి ఇక మనసాగలేదు. షాట్ నడుస్తుండగా అడ్డం రాకూడదని మూడేళ్ళుగా తిట్లు తిన్న మనిషి, నేరుగా వెళ్ళి ఆయన చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుంది. ఆ తర్వాత కిందికి వంగి బూటు తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది.

"రాజీ, పిల్ల సినిమా ఖరాబైపోద్ది" అన్నాడు నాగబాబు మెల్లగా.

"అవనీండి" అంది రాజశ్రీ తల ఎత్తకుండా.

పూర్ణిమకి కళ్ళనీళ్ళలో ఇద్దరూ మసకగా కనిపిస్తున్నారు. రెండో బూటు విప్పడం కూడా అయ్యేదాకా ఆమె కట్ అనలేదు.