పైవాటాలో పెద్దాయన

కరెంటు పోగానే ఇద్దరూ ఒకేసారి పరుగెత్తారు. అతను ఇస్త్రీ షాపులోంచి, ఆమె పైవాటాలోంచి. మెట్ల కింద మీటరు బోర్డు దగ్గర ఇద్దరి నుదుళ్ళూ ఠంగుమని ఢీకొన్నాయి.

"చంపేశారు!" అంది ఆమె నుదురు పట్టుకుని.

"సారీ అండీ, చూసుకోలేదు. బాగా తగిలిందా?"

"నన్ను కాదు, పైన నా పేషెంటుని! ఇప్పుడే కాస్త లేచాడు. సరిగ్గా ఆ టైముకే కరెంటు పోతే వాడింక మళ్ళీ లేవడు. తెలుసా మీకు?"

అతను తలెత్తి పైవాటావైపు చూశాడు.

వీధిలో అందరూ అతన్ని మడత అని పిలుస్తారు. చొక్కా అయినా, కూరగాయల సంచీ అయినా, చివరికి బస్సు టికెట్టయినా చేతికొస్తే మడత పెట్టకుండా ఉండలేడు. అలాంటివాడి చేతులు ఆ క్షణాన గాల్లో అలాగే ఉండిపోయాయి. ఎందుకంటే ఇంటి ఓనరు మొన్ననే చెప్పాడు: "పైవాటాలో దిగే అమ్మాయి ఆస్పత్రిలో పనిచేసేదట. ఇప్పుడది మానేసి ఇంట్లోనే చూసుకుంటుందట." ఏం చూసుకుంటుందో ఓనరు చెప్పలేదు, మడత అడగలేదు.

ఆమె పనిచేసింది ఆస్పత్రిలోనే, కానీ కంప్యూటర్ల గదిలో. ఇప్పుడు కంపెనీలు అక్కర్లేదని వదిలించుకున్న పాత సర్వర్లు కొనితెచ్చి, బాగుచేసి, కొత్త భాగాలు వేసి అమ్ముతుంది. పొడుగ్గా, పలకల్లా ఉండి, బీరువా అరల్లా ఒకదానిమీద ఒకటి పేర్చే పెద్ద కంప్యూటర్లవి. వాటిని "వాడు, వీడు" అనడం ఆమెకు అలవాటు. అన్నిటికన్నా పాతదాని పేరు పెద్దాయన. ఈ సంగతులేవీ మడతకి తెలియవు.

"మీ ఇస్త్రీపెట్టె, మా పెద్దాయన ఒకేసారి నడిస్తే ఈ ఇల్లు తట్టుకోలేదండీ. ఇద్దరికీ ఒకటే లైను" అంది ఆమె ఫ్యూజు పీకుతూ. జుట్టు ముడిలో స్క్రూడ్రైవరు గుచ్చి ఉంది. చెంప మీద, సర్వర్లు వేడెక్కకుండా చిప్పు మీద రాసే బూడిదరంగు పేస్టు మరక.

"పెద్దాయన మిషను మీదున్నాడా అండీ?" అన్నాడు మడత గొంతు తగ్గించి.

ఆమె అతన్ని వింతగా చూసింది. "మిషనే కదండీ మరి."

"అయ్యో" అన్నాడు మడత. ఆ చెంప మీద మరక తుడవాలనిపించింది. ఒక మనిషి ప్రాణాపాయంలో ఉంటే తనకి ఇలాంటి ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం కూడా వేసింది.

ఒప్పందం కుదిరింది. ఎవరు స్విచ్చి వేసినా ముందు రెండోవాళ్ళకి ఫోన్ చేయాలి. మడత ఆమె నంబరుని 'డాక్టర్‌గారు' అని ఫోన్లో పెట్టుకున్నాడు. అలాగే పిలిచాడు కూడా. సర్వర్లకి వైద్యం చేస్తున్నందుకు ఆటపట్టిస్తున్నాడనుకుంది ఆమె. ఆ పిలుపు ఆమెకి నచ్చింది.

మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

"డాక్టర్‌గారూ, పెద్దాయనకి ఎలా ఉందండీ?"

"పర్లేదు. తల మీద పాత పేస్టంతా ఎండిపోయి పెచ్చులు కట్టింది. తుడిచేసి కొత్తది రాశా. వేడి చాలా తగ్గింది."

"హమ్మయ్య. మనుషుల్ని గుర్తుపడుతున్నాడా?"

ఆమె నవ్వింది. "మెమరీ తక్కువండీ. ఎవరి దగ్గరైనా దొరికితే ఇంకొంచెం పెంచాలి."

ఒకరి దగ్గర తీసి ఇంకొకరికి జ్ఞాపకశక్తి పెంచే వైద్యం కూడా వచ్చేసిందా అని మడత ఆశ్చర్యపోయాడు. సైన్సు ఎక్కడికి పోయిందో అనుకుంటూ ఒక పంట్లాముకి నాలుగు మడతలు ఎక్కువ పెట్టాడు.

ఇంకోరోజు పైనుంచి విమానం లేస్తున్నంత మోత వినిపించింది. కంగారుగా ఫోన్ చేశాడు.

"భయపడకండి" అని అరిచింది ఆమె ఆ మోతలో. "లేవగానే ఇలాగే అరుస్తాడు. కాసేపటికి సర్దుకుంటాడు."

"అంత నొప్పా అండీ?"

"ఏంటీ? వినపడట్లేదు!"

"పాపం, ఆయనకెవరూ లేరా?"

"కంపెనీవాళ్ళా? వయసైపోయిందని సపోర్టు ఆపేశారు!"

మడత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జీవితమంతా చాకిరీ చేయించుకుని, ముసలితనంలో నడివీధిలో వదిలేసే కంపెనీలు! అలాంటివాళ్ళని ఇంటికి తెచ్చుకుని, తల మీద మందు రాసి, అరుపులు భరించే అమ్మాయి! అతనికి ఆ సాయంత్రం నుంచి ఆకలి మందగించింది. చూసినవాళ్ళకి అది జాలిలా కనిపించింది. వాళ్ళమ్మకి మాత్రం వేరేలా కనిపించింది.

"ఏరా, పైకి చూస్తూ ఇస్త్రీ చేస్తున్నావేంటి? కాలరు కాలిపోతోంది."

"పెద్దాయన గురించి ఆలోచిస్తున్నానమ్మా."

"పెద్దాయన గురించి ఆలోచించేవాడు రోజుకి మూడుసార్లు తల దువ్వుకోడురా."

ఆ రోజే మడత అటక మీంచి తాతల నాటి బొగ్గుల ఇస్త్రీపెట్టె దింపాడు. కరెంటు పెట్టె జోలికే పోకపోతే పెద్దాయన ప్రాణానికి ఏ ఇబ్బందీ ఉండదు. కానీ బొగ్గుల పెట్టె మొండిది. నిప్పురవ్వలు ఎగిరి చేతులు బొబ్బలెక్కాయి, తెల్లబట్టల మీద మసి పడింది. వీధి చివర కోర్టు ప్లీడరు తన చొక్కా వాసన చూసి, "నేను దీన్ని ఇస్త్రీకిచ్చానా, మొక్కజొన్న పొత్తులతో కాల్చమనిచ్చానా?" అని గొడవపడ్డాడు. ఇద్దరు ముగ్గురు పాత ఖాతాదారులు పక్కవీధికి మళ్ళిపోయారు. మడత పెట్టెలో ఇంకో గుప్పెడు బొగ్గులు వేశాడు.

తన కరెంటు పెట్టె నడవకపోయినా డాక్టర్‌గారికి ఫోన్ చేసి, "ఇప్పుడు ఆపేశానండీ, మీరు కానివ్వండి" అనడం మాత్రం మానలేదు.

వాళ్ళమ్మ కూడా ఊరుకోలేదు. మెట్ల మీద రోజూ పళ్ళు పెట్టి రావడం మొదలుపెట్టింది. ఒకరోజు గిన్నెడు పల్చటి గంజి కూడా పెట్టింది. గిన్నెలు కడిగి తిరిగొచ్చేవి. "తింటున్నాడురా, పాపం!" అనేది ఆవిడ మురిసిపోతూ.

అలా ఆ నెల గడిచింది. మబ్బులు పట్టి, బట్టలు ఆరక, షాపంతా తడి వాసనతో నిండిన ఒక ఉదయం ఆమె ఫోన్ చేసింది.

"మడతగారూ, నేను ఆన్ చేస్తున్నా. మీరు ఆపారుగా?"

"ఆపానండీ. డాక్టర్‌గారూ, మీతో ఒక మాట..."

"ఒక్క నిమిషం, ఇంకో ఫోన్ మోగుతోంది."

ఈ ఫోన్ కట్ చేయకుండా పక్కన పెట్టింది. మడతకి ఆమె మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"ఆ, చెప్పండి సార్... లేదు సార్, పెద్దాయనకి ఇంక లాభం లేదు. ఎన్ని చేసినా లేవట్లేదు. ఇవాళ విప్పేస్తాను. లోపలివన్నీ చక్కగా ఉన్నాయి. పనికొచ్చేవి తీసి మీవాడికి పెట్టేస్తా... ఆ, రెండూ తీసేస్తా, ఒకటెందుకు మిగల్చడం? ఒట్టి డొక్క మిగుల్తుంది, దాన్ని తుక్కువాడికి ఇచ్చేస్తా... జాలా? మొదట్లో ఏడుపొచ్చేది సార్. ఇప్పుడు అలవాటైపోయింది."

మడత చేతిలో ఫోన్ జారి బకెట్లో పడింది.

"అమ్మా" అన్నాడు. "పెద్దాయన్ని కోసేస్తోంది."

విషయం విన్న ఆవిడ గోడకి ఆనించి ఉన్న బట్టలారేసే కర్ర అందుకుంది. "పోలీసులకి చెప్పరా!"

"చెప్తే ఆమెని తీసుకుపోతారమ్మా."

"చెప్పకపోతే పెద్దాయన్ని ముక్కలు చేసి తీసుకుపోతారు!"

మడత ఒక్క నిమిషం నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ఒక అమ్మాయిని ఇష్టపడ్డాడు. ఆ అమ్మాయి ఇలాంటిదని తేలింది. అయినా ముందు తనే వెళ్ళి అడగాలి, ఆపాలి. ఆ తర్వాత పోలీసులో, దేవుడో. చేతిలో బొగ్గుల పెట్టె ఉందన్న సంగతి కూడా మర్చిపోయి, పొగలు కక్కుతూ మెట్లెక్కాడు. వెనకే కర్ర పట్టుకుని అమ్మ.

తలుపు తీసే ఉంది.

"ఆయన్ని వదిలేయండి!" అని అరిచాడు మడత.

ఆమె బల్ల ముందు నిలబడి ఉంది, చేతిలో స్క్రూడ్రైవరుతో. బల్ల మీద పొడుగ్గా ఏదో పడుకుని ఉంది. పైన తెల్ల దుప్పటి.

"ఎవర్ని?"

"పెద్దాయన్ని! ముసలివాడైతే మాత్రం మనిషి కాడా? లేవలేకపోతే మేం చూసుకుంటాం. మా ఇంట్లో మంచం ఉంది. నేను కింద పడుకుంటా!"

వాళ్ళమ్మ ఏడుస్తూ వెళ్ళి దుప్పటి లాగింది. అది వంగలేదు. రేకులా బిర్రుగా మొత్తం లేచొచ్చింది. దాని కింద ఇనప పలకలాంటిది, పైమూత తీసి ఉంది. లోపల వరసగా చిన్నచిన్న ఫ్యాన్లు, వైర్లు, పచ్చటి అట్టలాంటి బోర్డు.

ఆవిడ బల్ల కిందకి వంగి చూసింది. తలుపు వెనక చూసింది. "మరి పెద్దాయనేడీ?"

"ఇదేనండీ పెద్దాయన. సర్వరు."

మడత చేతిలో పెట్టెలో బొగ్గులు చిటపటలాడాయి.

"మరి నా పళ్ళు?" అంది ఆవిడ.

"నాకే పెడుతున్నారనుకుని నేనే తిన్నా ఆంటీ. చాలా బాగున్నాయి."

"గంజి?"

"ఇస్త్రీవాళ్ళు కదా, బట్టలకి పెట్టుకోమని ఇచ్చారనుకున్నా. ఆ దుప్పటికి పెట్టేశా."

ముందు ఆవిడ నవ్వింది. తర్వాత ఆమె. కడుపు పట్టుకుని, బల్ల పట్టుకుని, చివరికి నేల మీద కూలబడి నవ్వింది. "కోసేస్తున్నానా! నేను! పెద్దాయన్ని!" మడత ఒక్కడే నవ్వలేదు. చెవులు ఎర్రబడి, ఎటు చూడాలో తెలియక కాళ్ళవైపు చూస్తున్నాడు.

కళ్ళు తుడుచుకుంటూ ఆమె అడిగింది. "సరే గానీ, నిప్పులు పట్టుకొచ్చారేంటి? మీ కరెంటు పెట్టె ఏమైంది?"

"అది అటకెక్కి నెలయిందమ్మా" అంది వాళ్ళమ్మ. "కరెంటు పోతే పేషెంటు పోతాడన్నావుగా. అందుకే మావాడు ఈ బొగ్గులతోనే చస్తున్నాడు. చేతులు చూడు."

ఆమె నవ్వు సగంలో ఆగిపోయింది. మడత చేతుల మీద బొబ్బలు చూసింది. "మరి రోజూ ఫోన్ చేసి ఆపేశానని..."

"వస్తానండీ" అన్నాడు మడత. అంతే, మెట్లు దిగిపోయాడు.

తర్వాత అతను ఆమెకి కనపడలేదు. ఆమె వీధిలో వస్తోందంటే వేలాడే పంట్లాముల వెనక్కి వెళ్ళి నిలబడేవాడు. కింద చెప్పులు కనిపిస్తూనే ఉండేవి. బకెట్లో తడిసిన ఫోన్ మూగబోయింది కాబట్టి ఆమె వాళ్ళమ్మ ఫోన్‌కి చేసింది.

"ఆంటీ, మడతగారున్నారా?"

"లేనని చెప్పమ్మా!" అన్న కేక ఆమెకి స్పష్టంగా వినపడింది.

"లేడట తల్లీ" అంది ఆవిడ నిట్టూర్చి.

ఒక మధ్యాహ్నం ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన మొదలైంది. అదే సమయానికి ఒక వ్యాను ఆగి, ఇంటి ముందు పెద్ద అట్టపెట్టె దింపి వెళ్ళిపోయింది. ఆమె పరుగున దిగి దాన్ని ఎత్తబోయింది. అది కదల్లేదు. అట్ట తడిసి మెత్తబడుతోంది. ఆమె షాపువైపు చూసింది. వేలాడే పంట్లాముల కింద చెప్పులు కనిపించాయి.

"మడతగారూ! వెక్కిరించడానికి పిలవట్లేదు! నిజంగా తడిసిపోతోంది!"

చెప్పులు కాసేపు తటపటాయించాయి. తర్వాత మనిషి బయటికొచ్చాడు. పెట్టె రెండో చివర పట్టుకున్నాడు. వాళ్ళమ్మ గొడుగు తెచ్చి పట్టింది, ఇద్దరికీ కాదు, పెట్టెకి.

మెట్లు ఇరుకు, పైగా వానకి జారుతున్నాయి. అతను వెనక్కి ఎక్కుతున్నాడు, ఆమె కిందినుంచి మోస్తోంది. ఇద్దరి మొహాల మధ్య పెట్టె ఎంత ఉందో అంతే దూరం. చూపు తిప్పుకుందామంటే మెట్టు తప్పుతుంది.

"పెద్దాయన్ని విప్పలేదు" అంది ఆమె సగం మెట్ల మీద.

"ఏం?"

"విప్పబుద్ధి కాలేదు. మీరు అన్నాళ్ళు చేతులు కాల్చుకుని బతికించుకున్నాక స్క్రూడ్రైవరు ముందుకు పోలేదు. అడిగినాయనకి వేరేది ఇచ్చేశా. దీన్లో పెద్దాయనకి సరిపోయే బోర్డుంది, అందుకే తెప్పించా. కొత్తది కొనుక్కుంటే దీనికన్నా చవక. అది కూడా తెలుసు నాకు."

మడత ఆగిపోయాడు. పెట్టె కూడా ఆగింది.

"ఆ రోజు ఫోన్లో ఏదో మాట చెప్పబోయారు" అంది ఆమె. "ఏంటది?"

"పైకెళ్ళాక చెప్తానండీ. బరువుగా ఉంది."

"పైకెళ్తే దింపేసి పారిపోతారు. ఇప్పుడు పారిపోలేరు. చెప్పండి."

వాన అతని ముక్కు మీంచి కారుతోంది. తుడుచుకోడానికి చెయ్యి లేదు. "అప్పుడైతే మీరు పెద్దవాళ్ళని ప్రాణంలా చూసుకుంటారని ఇష్టపడ్డానండీ. అక్కడ పెద్దవాళ్ళెవరూ లేరని తెలిసింది. అయినా తగ్గట్లేదు. ఏం చేయాలో తెలియక దాక్కుంటున్నా."

"పంట్లాముల వెనకా?"

"ఇంకెక్కడ దాక్కుంటానండీ, ఉన్నవవే."

"మనిషో కాదో కూడా చూడని వాడి కోసం మంచం ఖాళీ చేస్తానన్నారు మీరు" అంది ఆమె. "ఇంత పిచ్చివాణ్ణి నేనెక్కడ వెతుక్కోను? నాక్కూడా ఇష్టమే."

"ఒరేయ్!" అంది వెనకనుంచి వాళ్ళమ్మ. నిలువునా తడిసిపోయి ఉంది. "నాకు ఇద్దరూ ఇష్టమే. పెళ్ళి రేపు పెట్టుకున్నా ఇష్టమే. ముందు ఆ పెట్టె కదపండి, గొడుగు పట్టలేక చెయ్యి పడిపోతోంది!"

ఇద్దరూ ఒక్క ఊపున మిగిలిన మెట్లెక్కి, పెట్టెని గడపలో దింపి, చెరోవైపు చతికిలబడ్డారు. వాళ్ళమ్మ వాళ్ళని దాటుకుని లోపలికెళ్ళి, బిర్రుగా ఉన్న దుప్పటితో తల తుడుచుకోబోయి, "అబ్బా!" అని విసిరికొట్టింది.

మడత చేతులవైపు చూసుకున్నాడు. బరువు మోసి మోసి వేళ్ళు కొక్కేల్లా వంగిపోయాయి. చాపుదామంటే రావట్లేదు.

"డాక్టర్‌గారూ, వేళ్ళు బిగుసుకుపోయాయండీ" అన్నాడు దీనంగా.

ఆమె పెట్టె చుట్టూ జరిగి వచ్చి పక్కన కూర్చుంది. తన చెయ్యి తీసుకెళ్ళి, వంగిన ఆ వేళ్ళ మధ్య జాగ్రత్తగా పెట్టింది.

"వైద్యం అక్కర్లేదు. అలాగే ఉండనివ్వండి" అంది.